మూడుసార్లు రాసిన ఒకే అంకె

మొన్న జహీరాబాద్ దాటాక రోడ్డు పక్కన ఒక పాత లారీ ఆగిపోయి ఉంది. మాడిన ఇంజిన్ ఆయిల్ వాసన కారులోకి కొట్టగానే బండి పక్కకు తీసి ఆపాను. నలభై ఏళ్లు గడిచినా ఆ వాసన తగిలితే నా కళ్లు ముందు బండిలో వేడి చూపే ముల్లు మీదికి వెళ్తాయి. వెంటనే బసప్ప సార్ గుర్తొస్తారు.

న్యాల్‌కల్ దగ్గరి పల్లె ఆయనది. ఇరవై ఏళ్లు విమానాల ఇంజిన్లు బాగుచేసే కొలువు చేసి తిరిగొచ్చి, జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు మీద ట్రాక్టర్లు, పంపుసెట్లు రిపేరు చేసే షెడ్డు పెట్టుకున్నారు. ఎనభైల మొదట్లో, డిప్లొమా పూర్తిచేసి నేను ఆయన దగ్గర పనికి చేరాను. అప్పటికే షెడ్డు వెనక భాగంలో ఇద్దరు కూర్చునే చిన్న విమానాన్ని సొంతంగా కడుతున్నారు. దారిలో ఒక్కసారి మాత్రమే దిగి కన్యాకుమారి చేరాలన్నది ఆయన కోరిక. ఊళ్లో చాలామంది నవ్వారు. నేను మాత్రం మూడేళ్లు ఆ పనిలో మునిగిపోయాను.

ఏ ఇంజిన్ పెట్టాలన్న దగ్గర మాకు వాదన వచ్చింది. "మన ఎండలకు నీళ్లతోని సల్లారే ఇంజినే మంచిది గద సార్?" అన్నాను.

"నీళ్లంటే రేడియేటరు, పంపు, పైపులు గావాలె నారాయణా. మీదికి పొయినంక ఒక్క పైపు పగిల్తె ఖతం. గాలికైతే పగిలే పైపు లేదు. కాని గాలి మనం జూపిన తొవ్వల్నే పోవాలె. రేకు జర సందు ఇస్తె తప్పించుకుంటది."

గాలిని సిలిండర్ల చుట్టూ తిప్పే ఆ రేకులు కోసి బిగించే పని నాకే అప్పగించారు.

ఒక వేసవి ఉదయం ఇంజిన్‌ను ఇనుప చట్రానికి బిగించి, విమానం ముందు తిరిగే పంకా తగిలించి నడిపాం. ఎనిమిది గంటలు ఆగకుండా నడిస్తేనే అది విమానంలోకి వెళ్లాలి. అరగంటకోసారి నాలుగు సిలిండర్ల వేడి చూసి నోట్‌బుక్‌లో రాయడం నా పని. అయిదు గంటలు బాగా నడిచింది. ఆ తర్వాత వెనక ఎడమ సిలిండరు వేడి చూపే ముల్లు పైకి జరగడం మొదలుపెట్టింది. అటు పక్క రేకు సరిగ్గా అతకలేదని నాకు తెలుసు. చెబితే ఆపేస్తారు, తప్పు నాదని తెలిసిపోతుంది. వెనకటి అంకెనే మళ్లీ రాశాను. మరో అరగంటకు మళ్లీ అదే.

పిడుగు పడ్డట్టు శబ్దం వచ్చింది. అంత వేగంగా తిరుగుతున్న పంకా ఒక్కసారిగా ఆగిపోయింది. చట్రం నేలలోంచి సగం లేచి పక్కకు ఒరిగింది. అన్నం గిన్నె తెస్తున్న సార్ భార్య నీలమ్మ గారు గుమ్మంలోనే బిగుసుకుపోయారు. "అయ్యో! ఎవలకేం గాలే గద?" అని అరిచారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

సిలిండరు విప్పితే పిస్టను అంచు కరిగి గోడకు అతుక్కుపోయి ఉంది. సార్ నోట్‌బుక్ తెరిచారు.

"ఎండ ముదిరింది, గాలి పడిపొయింది. గీ అంకె మూడుసార్లు ఒక్కతీర్గ ఎట్లున్నది?"

"అబద్ధం రాసిన సార్. రేకు నేనే సక్కగ కొయ్యలే. చెప్తె ఆపుతరని..."

ఆయన తిట్టలేదు. బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. విమానం ఎగరేయడానికి అనుమతి కోరుతూ ఆ పొద్దున్నే రాసిన దరఖాస్తు. రెండో సీటులో కూర్చునే మనిషి పేరు దగ్గర నా పేరు ఉంది.

"రేపు చెప్దామనుకున్న. నువ్వు గూసునే ఇంజిన్‌కే నువ్వు అబద్ధం రాసినవు."

ఆ కాగితంలో నా పేరు మళ్లీ మళ్లీ చదివాను.

నన్ను వెళ్లగొడతారనుకున్నాను. మర్నాడు రేకు కత్తెర నా చేతికే ఇచ్చి, "మల్ల కొయ్యి" అన్నారు. ఏడాదికి ఇంకో ఇంజిన్ సమకూరింది. అది ఎనిమిది గంటలూ నడిచింది. అంతకుముందు రెండుసార్లు ముల్లు కదలగానే నేనే కేకేసి ఆపించాను. పంపిన దరఖాస్తుకు మాత్రం జవాబు రాలేదు. విమానం ఎగరకుండానే సార్ పోయారు.

తర్వాత ఫ్యాక్టరీల్లో ముప్పై ఏళ్లు మెషిన్ల పనే చేశాను. ఊరికే ఆపుతాడని, పిరికివాడని పై అధికారులు నా మీద కసురుకునేవారు. ముల్లు కదిలితే ఇప్పటికీ భయపడతాను. దాచాలనే అనిపిస్తుంది. కానీ ముందుగా ముల్లు చూపే అంకెను ఉన్నదున్నట్టు రాసేస్తాను. ఆ తర్వాతే భయపడతాను.