ఐదుతో మొదలయ్యే బేరింగ్

మొన్న స్కూటర్ మెకానిక్ దగ్గర గ్రీజు వాసన తగలగానే నాకు రింకూ భయ్యా గుర్తొచ్చాడు.

భిలాయిలో మా క్వార్టర్ల పిల్లలం పాత బేరింగులే చక్రాలుగా చెక్కబండ్లు తోలేవాళ్లం. నా బండికి ఏ మంచి బేరింగ్ దొరికినా పక్కింటి రింకూ లాక్కుపోయేవాడు. ఆడపిల్లకి బండెందుకని నవ్వేవాడు కూడా.

ప్లాంటులో ఫిట్టరైన నాన్న ఓరోజు తుక్కులోంచి రెండు బేరింగులు తెచ్చాడు.

"ఇది 6204, అది 51204. సివర 04 ఉంది కాబట్టి రెండిటికీ బెజ్జం ఒకటే. ఆరుతో మొదలయ్యేది సక్రానికి పనికొస్తాది. ఐదుది పైనుంచి పడే బరువుకేనమ్మా, నిలబెట్టి దొర్లిస్తే ఊడిపోద్ది."

మర్నాడు గ్రీజుకి అతుక్కుని గట్టిగా కనిపిస్తున్న ఆ 51204ని రింకూ ఎదుటే తుడుస్తూ కూర్చున్నాను.

"ఏటే, దిఖా, చూపించు! నంబరెంత?"

"యాభై ఒక్క వేలు. నీది ఉత్త ఆరువేలే. ఇది మాత్రం ఇవ్వను భయ్యా!"

లాక్కున్నాడు. తన బండి ఇరుసుకి సరిగ్గా పట్టింది. వాలులో బండి వేగం అందుకోగానే బేరింగ్ మూడు ముక్కలైంది, రింకూ బోర్లా పడ్డాడు.

తర్వాత గడ్డానికి కుట్లతో వచ్చి, "నంబర్ చదవడం నాకూ నేర్పవే" అన్నాడు.

నేర్పలేదు. ఆ మొహం తలుచుకుని జాలిపడదామని ఇప్పటికీ ప్రయత్నిస్తుంటాను. సంతోషమే వస్తుంది.