ఏడింటి ఫ్యూజు

ఆ హాలు కాపలాదారుకు ఏ పాటయినా చప్పుడే. ఏడు కొట్టగానే ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుంటాడు. ఎంతటివాళ్లు బతిమాలినా చలించడు. ఆవేళ సొంత పాటలు కట్టుకుని పాడే నలుగురు అమ్మాయిల బ్యాండు చివరి పాటలో ఉంది. వినడానికి పట్టుమని పదిమంది కూడా రాలేదు. ఏడయింది, పీకేశాడు. దీపాలారి, మైకు మూగబోయింది. పాట మాత్రం ఆగలేదు. డ్రమ్ముల పిల్ల ఇంకా గట్టిగా వాయించింది. పాడే పిల్ల చీకట్లోనే వేదిక అంచుకొచ్చి గొంతెత్తింది. "మొండిఘటాలు!" అని గొణుక్కుంటూ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. కాసేపటికి చూసుకుంటే తన కాలే నేలమీద దరువేస్తోంది. గబగబా వెళ్లి ఫ్యూజు పెట్టేశాడు.

"ఏమయ్యోయ్, ఏడు దాటింది, ఇంకా హాలు మూయలేదేం?" అంటూ వచ్చాడు హాలు సెక్రటరీ.

"పాట అవలేదండీ," అన్నాడు కాపలాదారు, ఫ్యూజు పెట్టెకు అడ్డంగా నిలబడి.

"అయితే ఆపెయ్!"

"ఆపి చూశానండీ. వాళ్లు ఆగే రకం కాదు."