బుడగ రాని గొట్టం

మొన్న గిద్దలూరు దాటి నంద్యాల ఘాట్ ఎక్కుతుంటే మా అమ్మాయి కారులో చల్లగాలి ఏ మలుపులోనూ తగ్గకుండా ముఖానికి తగులుతూనే ఉంది. హాయిగా కళ్లు మూసుకోవాల్సినవాణ్ని, సిగ్గుతో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ ఘాట్ మూలంగానే మా మేనమామ ఉద్యోగం పోయింది, పోగొట్టింది నేను.

మామ అప్పట్లో మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీ యజమానికి డ్రైవరు. తర్లుపాడు దగ్గరి మా పల్లెలో, మా వాళ్లందరిలో కూలికి పోకుండా ఇస్త్రీ చొక్కా వేసుకొని పనికి పోయే మనిషి ఆయనొక్కడే. యజమాని కొన్న పాత విదేశీ కారులో చల్లగాలిని ఎటు పంపాలో చూసే లోపలి చిన్న తలుపులు, ఇంజన్ గాలిని పీల్చే బలంతో, సన్నటి రబ్బరు గొట్టాల ద్వారా కదిలేవి. చదును దారిలో బాగానే ఉండి, ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం గాలి ముందు అద్దం మీదికి పోయేది. డ్రైవరే ఏదో మీట కదిలిస్తున్నాడని యజమానికి అనుమానం.

నేనప్పుడు హైదరాబాదులో ఆర్నెల్లు ఏసీ పని నేర్చుకొచ్చి కొత్తగా షెడ్డు వేసుకున్నాను; అంతకుముందు పంక్చర్లు వేసిన చేతులు. యజమాని మామతో ఆ కారును నా దగ్గరికే తోలించుకొచ్చాడు. నా తెలివి చూడండి, ఆ గొట్టాలకు సబ్బు నురగ రాసి, సైకిలు ట్యూబుకు చూసినట్టే బుడగ కోసం చూస్తూ నిలబడ్డాను. ట్యూబు చిల్లు గాలిని బయటికి వదులుతుంది, ఈ గొట్టం చిల్లు లోపలికి పీలుస్తుందన్న ఇంగితం నాకు లేకపోయింది. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ పీల్చే బలం ఎలాగూ తగ్గుతుంది, దానికి చిల్లు తోడైతే తలుపు అద్దం వైపు తిరిగిపోతుంది. పక్కనే వంగి చూస్తున్న మామ వేలితో చూపించి, మెల్లగా, "అల్లుడా, ఈడ నురగ లోపలికి పోతాంది చూడు" అన్నాడు. యజమాని ముందు డ్రైవరు నాకు పని చెప్పడమా అని రోషమొచ్చి, మామను పక్కకు జరగమన్నాను. గొట్టాలు బాగున్నాయి, మీటనే ఎవరో కదిలిస్తున్నారని తేల్చి చెప్పాను. ఎవరో అన్నాను గాని, ఆ కారు తోలేది ఒక్కరే కదా. ఆ వారమే ఆయన్ని మానిపించారు.

ఆర్నెల్లు తిరక్కుండా అదే కారు కొత్త డ్రైవరుతో వచ్చింది, ఈసారి చదును దారిలోనూ గాలి అద్దం మీదికే. ఇంజన్ నడుస్తుండగా వంగితే సన్నగా బుస్సుమంటోంది. వేలు అడ్డం పెట్టగానే శబ్దం ఆగి, గాలి ముఖం వైపు తిరిగింది. ఆ చీలిక సరిగ్గా మామ చూపించిన చోటే ఉంది. యజమానితో మాత్రం, ఈ మధ్యనే పగిలిందండీ అని అబద్ధమాడాను, కొత్త షెడ్డుకు చెడ్డపేరు వస్తుందని.

మామతోనైనా నిజం చెబుదామని ఆటో ఎక్కి పల్లెకు వెళ్లాను. ఆయన రాళ్ల క్వారీ పని నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. నన్ను చూసి సంబరపడి, అత్తచేత కోడికూర వండించి, ఇరుగుపొరుగును పిలిచి, "మా అల్లుడు చూసినాడంటే బండిలో తప్పు దొరకాల్సిందేనప్పా" అని చెప్పాడు. చెప్పాలని వెళ్లింది చెప్పకుండానే తిని వచ్చేశాను.

ఇప్పటి కార్లలో ఆ గొట్టాలు లేవు, చాలా తప్పులు తెర మీదే కనబడతాయి, మెకానిక్కు రోషంతో పని లేదు. మంచిదే అయింది. మామ పోయి చాలా ఏళ్లయింది. సమాధి చేసిన రోజు అత్త నాతో అంది, తెలియకుండా తన చెయ్యే మీటకు తగిలి ఉంటుందని ఆయన చివరిదాకా అనుకునేవాడట.