అద్దాల గదిలో మొగలి చాప

సర్రీలో భీమ్ ఇంటి బేస్‌మెంట్‌లో నేను అద్దెకున్న ఏడాది, అతను ఇంటి వెనక మూడు వైపులా అద్దాలతో ఒక సన్‌రూమ్ కట్టించాడు. ముప్పై రెండేళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి కార్పెట్లు పరిచిన మనిషి. ఏ గదికి ఏ నేల నప్పుతుందో గుమ్మంలో నిలబడే చెప్పగలడు. సొంత గది దగ్గరకి వచ్చేసరికి చేతులెత్తేశాడు.

కారణం ఉంది. భీమ్‌ది ఫిజీ. ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి అక్కడి చెరకు తోటల్లోకి వెళ్ళాడని మాత్రం తెలుసు, ఊరి పేరు తెలియదు. ఇంట్లో మాట్లాడేది ఫిజీ హిందీ. తాత దగ్గర ఒంటబట్టిన తెలుగు కొంత మిగిలింది. కూతురి పేరు అంజేష్ని. ఇప్పుడు ఆ అమ్మాయి సాకేత్ అనే గుంటూరు వాళ్ళ అబ్బాయిని చేసుకుంటానంది. అబ్బాయి అమ్మానాన్నలు ఆదివారం మొదటిసారి ఇంటికి వస్తున్నారు. వాళ్ళ కంటికి తాము కూడా తెలుగువాళ్ళలా కనిపించాలి. భీమ్ దిగులంతా అదే.

"హాల్లో టీవీ, ఫైర్‌ప్లేస్ ఉన్నాయి, అది మారదు. కొత్త గదిని తెలుగు గది చేస్తాను. పెద్దాయనా, ఆంధ్రాలో ఇలాంటి గదిలో ఏం పెడతారు?"

ఆంధ్రాలో ఎండ కోసం గది కట్టుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఎండ తప్పించుకోవడానికే కట్టుకుంటారు. వసారా అందామంటే చుట్టూ అద్దాలు. సమర్‌ఖండ్‌లో ఒకరింట నేను భోంచేసిన గదిలో గోడ పొడవునా పరుపులే, మనిషి ఎక్కడ ఒరిగితే అక్కడే నిద్ర. క్యోటోలో ఒక ముసలాయన గదిలో ఏ వస్తువూ లేదు, ఆ లేకపోవడమే అలంకారమట. ఇదంతా చెప్పాను. భీమ్ ఓపిగ్గా విని, "అది సరే, తెలుగు గది?" అన్నాడు.

ఇల్లు విడిచి దేశాలు పట్టి తిరగడం మొదలుపెట్టి యాభై ఏళ్ళైనవాణ్ణి. ఏం గుర్తుందని చెప్పను? ఆఖరికి, "నేల మీద చాప వేస్తే చాలు, మన ఇల్లే" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

అప్పటికే సోమవారం కొన్న పేము సోఫా మంగళవారం గరాజ్‌లోకి పోయింది. బుధవారం ఇత్తడి దీపాలు, నిలువెత్తు వినాయకుడు వచ్చాయి. అంజేష్ని ఆఫీసు నుంచి వచ్చి ఒక్క చూపు చూసి, "డాడ్, ఇట్ లుక్స్ లైక్ ఎ రెస్టారెంట్!" అంది. అవీ గరాజ్‌లోకే. శనివారానికి గదిలో వెలుతురు తప్ప ఏమీ మిగల్లేదు.

అప్పుడు భీమ్ భార్య జమునా మేడ మీంచి ఒక చాప దించింది. మొగలి ఆకులతో అల్లినది, అంచుల చుట్టూ ఎర్రవి, పచ్చవి ఊలు కుచ్చులు. ఫిజీలోని లంబాసాలో వాళ్ళమ్మ పెళ్ళికిచ్చిన చాప. వాళ్ళ వైపు పెద్ద కార్యాలకి పరిచి, గౌరవమైన అతిథిని దాని మీదే కూర్చోబెడతారు. చెప్పుల కాలు దాని మీద పడనివ్వరు.

"ఇది ఫిజీ చాప కదా, తెలిసిపోతుందా?" అన్నాడు భీమ్.

"చాప చాపే" అన్నాను. అదీ అనకుండా ఉండాల్సింది.

ఆదివారం వాన. ముందు గుమ్మం నుంచి తీసుకొస్తే మొదట టీవీ కనబడుతుందని, భీమ్ వాళ్ళని పక్క గేటు మీదుగా పెరట్లోంచి తెచ్చాడు. సాకేత్ కారు పెట్టడానికి పోయాడు. నేనూ జమునా గదిలోనే ఉన్నాం. తండ్రి అమరేశ్వరరావు గారు, తల్లి రాగిణి గారు అద్దాల తలుపు తీయగానే ఎదురుగా చాప.

"ఎంత బాగా ఏర్పాటు చేశారండీ!" అంటూ రాగిణి గారు తడి బూట్లు విప్పి చాప మధ్యలో పెట్టారు. ఆయనా తన బూట్లు వాటి పక్కనే పొందిగ్గా సర్దారు. బురద నీళ్ళు కుచ్చుల్లోకి పారాయి.

భీమ్ గొడుగు మూయడం మరిచిపోయాడు.

"లోపలికి ఇటేనాండీ?" అన్నారు రావుగారు.

"ఇదే లోపల" అన్నాడు భీమ్.

ఆయన చుట్టూ ఉన్న అద్దాలూ వానా చూసి, "ఇదేనా?" అన్నారు.

జమునాకి వచ్చిన తెలుగల్లా చిన్నప్పుడు తన అవ్వ అన్నం పెడుతూ అన్న నాలుగు మాటలే. ఆవిడ బూట్ల వంక చూసి, నా వంక చూసి, చాప చూపించి, "కూచో" అంది.

రావుగారు కుర్చీ కోసం వెతికారు. "ఎక్కడండీ?"

"కూచో!" ఈసారి కొంచెం గట్టిగా.

ముందు రాగిణి గారికి తట్టింది. "అయ్యయ్యో! ఏవండీ, ఇది కూర్చునే చాపండీ!"

"కాళ్ళు తుడుచుకునేది కాదూ?"

"మీ మొహం! ఆ కుచ్చులు చూడండి!" ఆవిడ రెండు జతలూ తీసి వానలోకి గిరాటేసి, కొంగుతో బురద తుడవడం మొదలుపెట్టారు. జమునా ఆవిడ చేయి పట్టుకుని ఆపి, వంటగదిలోంచి తువ్వాలు తెచ్చింది. ఇద్దరూ చెరో అంచూ పట్టారు. రావుగారు ఏం చేయాలో తోచక, తడి లేని మూల చూసుకుని చతికిలబడ్డారు.

భీమ్ ఇక ఉండబట్టలేకపోయాడు. "సార్, మేము మీకు తెలుగువాళ్ళలాగా అనిపిస్తున్నామా?"

"డాడ్!" అంది లోపల్నుంచి అంజేష్ని.

"నన్నడుగుతారేమిటండీ?" అన్నారు రావుగారు అయోమయంగా. "మా ఇంట్లో అసలు చాపే లేదు."

అది అవునో కాదో భీమ్‌కి తెలియలేదు. నాకూ తెలియలేదు. టీ తాగినంతసేపూ అతను ఆ జవాబునే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

కారు పెట్టి వచ్చి లోపల అంజేష్నికి సాయం చేస్తున్న సాకేత్ భోజనానికి రమ్మని పిలిచాడు. రావుగారు లేవబోయి, లేవలేక, చేయి పైకి చాచారు. "బావగారూ, కాస్త అందుకోండి. మోకాలు పట్టేసింది."

భీమ్‌కి ఆ పిలుపు తెలుసు. తాత తన వియ్యంకుణ్ణి అలా పిలవడం చిన్నప్పుడు విన్నాడు. కదలకుండా నిలబడి నా వంక చూశాడు. నేను నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. రావుగారి చేయి గాల్లోనే ఉంది.

"పట్టు!" అని మొగుణ్ణి కసిరింది జమునా.

భీమ్ రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయన్ని లేపుతూ లేపుతూనే నా వైపు మెడ తిప్పి, "నన్నేనా అన్నది?" అని అడిగాడు.