మేస్త్రి చూడాలనుకున్న ఫిన్

జిగణిలో మా ఫ్యాక్టరీ ట్రాన్స్‌ఫార్మర్ల లోపల బిగించే ఇన్సులేటర్ ముక్కలు తయారు చేస్తుంది. గాజుపీచును ఎపాక్సీ జిగురుతో కలిపి అదిమిన గట్టి పలకలు లారీలో వస్తాయి. వాటిని మిల్లింగ్ మెషిన్ మీద కోసి, తొలిచి, డ్రాయింగ్‌లో ఉన్న ఆకారానికి తెస్తారు. నేను అక్కడ క్వాలిటీ ఇంజనీరును. ముక్క డ్రాయింగ్ ప్రకారం ఉంటే పచ్చ చీటీ అంటిస్తాను, లేకపోతే ఎర్ర చీటీ. చెప్పుకుంటే చిన్న పనే, కానీ నాకు బాగా వచ్చు.

నాకు బాగా వచ్చిన ఇంకో పని సర్ఫింగ్, అంటే బోర్డు మీద నిలబడి అలల మీద జారడం. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా గది నుంచి దగ్గరి సముద్రానికి ఏడెనిమిది గంటల ప్రయాణం. తొమ్మిదడుగుల బోర్డు లిఫ్టులో పట్టదు కనుక నాలుగో అంతస్తు దాకా మెట్ల మీదే మోస్తాను. మా వాచ్‌మన్ రెండేళ్లుగా దాన్ని ఇస్త్రీ బల్ల అనుకుంటున్నాడు. నేనూ కాదనలేదు.

బోర్డు అడుగున, తోక దగ్గర, చేప రెక్కలాంటి పలక ఒకటి నీళ్లలోకి నిలబడి ఉంటుంది. దాన్ని ఫిన్ అంటారు. అది లేకపోతే బోర్డు తడిసిన సబ్బుబిళ్లలా పక్కకు జారిపోతుంది. నా ఫిన్ ఆ వేసవిలో రాయికి తగిలి విరిగింది. కొత్తది కొనుక్కోవచ్చు. కానీ అదే పదార్థం, అదే మందంలో, మా స్క్రాప్ డబ్బాలో రోజూ పడుతూనే ఉంటుంది. ఇన్‌చార్జిని అడిగి ఒక ముక్క తీసుకున్నాను. రెండు సాయంత్రాలు కూర్చుని కంప్యూటర్‌లో డ్రాయింగ్ గీశాను. శనివారం మధ్యాహ్నం మెషిన్ ఖాళీగా ఉన్నప్పుడు మేస్త్రి చేసి పెట్టారు.

మేస్త్రి అంటే మా మెషిన్ షాపులో అందరికంటే పాత ఆపరేటర్. ఆనేకల్ దగ్గర ఎన్నో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం. చేతితో తిప్పే మెషిన్ల కాలంలో చేరి, కంప్యూటర్ మెషిన్ల కాలం దాకా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశారు. కట్టర్ ముక్కలో దిగుతున్నంతసేపూ కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచి నిలబడతారు. శబ్దం మారితే చాలు, తెర మీద ఏ హెచ్చరికా రాకముందే మెషిన్ ఆపేస్తారు. ఆ నెలాఖరుకు ఆయన రిటైర్ అవుతున్నారు.

ఫిన్ వెనక అంచు దగ్గరికి వచ్చాక ఆయన నన్ను పిలిచి, అక్కడ కూడా గుండ్రం చేయాలా అని అడిగారు. డ్రాయింగ్ అడుగున ఉన్న నోటు చూపించాను. పదునైన అంచులన్నీ గుండ్రం చేయాలి అని ఉంది. మా డ్రాయింగులన్నిటి మీదా ఉండే నోటే అది. ఆయన ఒక్క క్షణం ఆగి, సరే అని గుండ్రం చేశారు. నేను ఇరవై రెండు కొలతలు తీశాను. ఇరవై రెండూ సరిపోయాయి. సరదాకి పచ్చ చీటీ కూడా అంటించాను.

మేస్త్రి ఫిన్‌ను చేతిలో తిప్పి చూస్తూ, "ఇది యాడ పనిచేస్తాది సార్?" అన్నారు.

సముద్రంలో అన్నాను. ఎలా పనిచేస్తుందో వివరించాను. ఆయన విన్నారో లేదో తెలియదు.

"ముప్పై ఒక్క ఏండ్లు చేస్తిని సార్. నేను చేసింది ఒకటన్నా పనిచేసేది కంటితో చూడ్లే."

నిజమే. మా ముక్కలు చెక్కపెట్టెల్లోకి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ల కడుపులోకి వెళ్తాయి. పైన నూనె పోసి మూత బిగిస్తారు. మళ్లీ ఎవరూ చూడరు. ఆయన మెషిన్ తుడుస్తూ, తల ఎత్తకుండానే, ఈసారి తానూ వస్తానన్నారు.

మేము వెళ్లిన ఊరి పేరు రాయను. సర్ఫింగ్ చేసేవాళ్లలో అదొక మర్యాద. తమిళనాడు దక్షిణపు కొసలో, ఎర్ర ఇసుకదిబ్బలు మైళ్లకొద్దీ పరుచుకున్న తీరం అని మాత్రం చెబుతాను. తాటిచెట్లు, సర్కారు తుమ్మ తప్ప ఇంకేమీ మొలవదు. వానాకాలంలో మన దగ్గర కురిసే మేఘాలు అక్కడికి ఒట్టి గాలిగా చేరతాయి. ఆ ఎడారి చివర ఒక రాతిగట్టు ముక్కులా సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. దక్షిణం నుంచి వచ్చే అల ఆ ముక్కు కొసకు తగిలి విరగడం మొదలుపెట్టి, గట్టు పొడవునా, జిప్పు లాగినట్టు, ఒకే వైపుకు విరుచుకుంటూ వస్తుంది. దీన్ని పాయింట్ బ్రేక్ అంటారు. సరిగ్గా పడితే నలభై సెకన్లు బోర్డు మీద ఉండొచ్చు. మామూలు బీచ్‌లో ఏడెనిమిది సెకన్లే గొప్ప.

జాబితా లేకుండా నేను ఎక్కడికీ వెళ్లను. ఆ ప్రయాణానికి పద్దెనిమిది వస్తువులు రాసుకున్నాను. తాళ్లు, కాళ్లు జారకుండా బోర్డుకు రాసే మైనం, నీళ్ల డబ్బాలు, స్క్రూడ్రైవర్, కొలతలు తీసే వెర్నియర్ కూడా అందులో ఉంది. ఎందుకని అడిగితే చెప్పలేను. మేస్త్రి సంచిలో ఒక లుంగీ, ఒక గొడుగు, వేయించిన పల్లీలు ఉన్నాయి. చొక్కా జేబులో ఎప్పటిలాగే నాలుగు మడతలు వేసిన, అంచులు రుద్దే ఎమెరీ కాగితం. తర్వాతి శనివారం తెల్లవారుజామున బోర్డును నా కారు పైన కట్టుకుని బయలుదేరాం. బొమ్మసంద్ర దాటేవరకు నేను ఆయనకు సార్‌నే. హోసూరు టోల్‌గేటు దాటగానే, "స్వల్ప నిదానంగా పోప్పా, పైన బోర్డు ఊగతా ఉండాది" అన్నారు. ఆ తర్వాత మళ్లీ సార్ వినిపించలేదు.

ఆదివారం పొద్దున్నే ఆయన్ను రాతిగట్టు మీద, గొడుగు కింద కూర్చోబెట్టి నీళ్లలో దిగాను. పక్కనే నలుగురు జాలర్లు వల బాగుచేసుకుంటున్నారు. మొదటి గంట నాకేమీ కలిసిరాలేదు. కొత్త ఫిన్ బిగుతుకు కాళ్లు అలవాటు పడలేదు. ఐదు అలలు ఎక్కి ఐదుసార్లు పడ్డాను. పడ్డ ప్రతిసారీ బోర్డు వెల్లకిలా తిరిగేది. ప్రతిసారీ మేస్త్రి గట్టు మీద లేచి గొడుగు ఊపేవారు. నన్ను ఉత్సాహపరుస్తున్నారనుకున్నాను.

ఒడ్డుకొచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. "ఐదుసార్లు చూస్తినప్పా. ఎండకు పచ్చగా మెరుస్తా ఉండాది."

చెప్పక తప్పలేదు. "మేస్త్రీ, అది కనిపించిందంటే నేను పడ్డానన్నమాట. పనిచేసేటప్పుడు నీళ్ల కింద ఉంటుంది."

"పనిచేస్తే కనపడదా?"

"కనపడదు."

ఆయన అలల వైపు తిరిగి, "అట్లయితే ట్రాన్స్‌ఫార్మర్ మాదిరే" అన్నారు.

ఇది నా జాబితాలో లేని విషయం. పదకొండు గంటలు ఆయన్ను కూర్చోబెట్టి తీసుకొచ్చినవాణ్ని, ఈ ఒక్కటీ ఆలోచించలేదు. బాగా చేస్తే సరిపోతుందనుకున్నాను. బోర్డు తీసిన గీత చూస్తే ఆయనకే తెలుస్తుంది అనుకుంటూ మళ్లీ దిగాను.

ఆరో అల నాది. కొస దగ్గరే పట్టుకున్నాను. లేచి నిలబడ్డాక మొదటి మలుపులోనే ఫిన్ నీటిని గట్టిగా పట్టింది. తర్వాత గట్టు పొడవునా, ఎడారి గాలి అల అంచు నుంచి తుంపర్లను వెనక్కి ఎగరేస్తుంటే, మోకాళ్లు వంచి నిలబడటం తప్ప నేను చేయాల్సిందేమీ లేకపోయింది. వేగం పెరిగేకొద్దీ అడుగు నుంచి ఝుమ్మని ఒక మోత మొదలైంది. పాదాలకు కూడా తెలుస్తోంది. పట్టించుకోలేదు. మనసులో లెక్కపెట్టాను, ముప్పై ఎనిమిది సెకన్లు. నా జీవితంలో అదే అన్నిటికంటే పొడవైన సవారీ.

మేస్త్రి మెచ్చుకున్నారు. బాగా నిలబడ్డానన్నారు. జాలర్లు కూడా చూశారన్నారు. "నువ్వు కనపడితివి. నాది కనపడ్లే" అని నవ్వేశారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఫిన్ తీసేసి ఒక అల ఎక్కి చూపిస్తాను, బోర్డు ఎలా జారిపోతుందో చూడండి, తేడా తెలుస్తుంది అన్నాను. పరీక్షగా అది సరైనదే. ఆయన ఒప్పుకోలేదు. లేనప్పుడు నువ్వు పడిపోయేది చూస్తే, ఉన్నప్పుడు చేసే పని చూసినట్టు ఎట్లయితాదన్నారు. పల్లీలు నా ముందుకు జరిపారు.

నేను తల తుడుచుకుని, నోటుపుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాను. అల ఎత్తు, గాలి, సెకన్లు. చివరి గడిలో, మోత అని రాశాను. అదేమిటని ఆయన అడిగారు. వేగంగా వెళ్తే కొంచెం శబ్దం వస్తోంది, పెద్ద విషయం కాదన్నాను.

మేస్త్రి పల్లీల పొట్లం కింద పెట్టేశారు. "ఏం శబ్దం? చేసి చూపియ్యి."

ఇసుకలో నిలబడి ఝుం అని మూలిగాను. వల బాగుచేసే ఆయన ఒకరు తలెత్తి చూశారు. ఇంకా సన్నగానా, లావుగానా అని అడిగారు మేస్త్రి. సన్నగా చేశాను. నిదానంగా పోయేటప్పుడు వస్తుందా అన్నారు. రాదు. వేగం పెరిగితే శబ్దం కూడా పైకి పోతుందా? పోతుంది. ఒక పక్కకు వాలితే ఆగుతుందా? ఆగదు. ఆయన బోర్డు బోర్లించి, కళ్లు మూసుకుని, ఫిన్ వెనక అంచు మీద బొటనవేలు పై నుంచి కిందికి నడిపించారు.

"ఇదేప్పా. నేను ఆ పొద్దే అడిగితిని, ఇక్కడ కూడా గుండ్రం చేయల్నా అని."

గుర్తొచ్చింది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో చదివిన పాఠం కూడా అప్పుడే గుర్తొచ్చింది. వెనక అంచు గుండ్రంగా ఉంటే నీళ్లు శుభ్రంగా విడిపోవు. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి సుళ్లు తిరుగుతూ వదులుతాయి. ఆ కుదుపుకే పలక మోగుతుంది. ఈ పాఠంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. కానీ డ్రాయింగ్ గీసేటప్పుడు కంపెనీ ఖాళీ ఫారాన్నే తెరిచాను. అడుగున ఆ నోటు ముందే అచ్చయి ఉంది. ఇన్సులేటర్‌కు అది ప్రాణం, ఎందుకంటే పదునైన అంచు దగ్గరే కరెంటు దూకుతుంది. ఫిన్‌కు అదే తప్పు. నేను ఆ నోటును చదవలేదు, చూపించాను. ఇరవై రెండు కొలతలూ దాని ప్రకారమే సరిపోయాయి.

"తప్పు డ్రాయింగ్‌ది మేస్త్రీ" అన్నాను.

"డ్రాయింగ్ ఎవురు గీసిరో?" అన్నారు ఆయన, స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాపుతూ.

ఫిన్ ఊడదీసి, నీళ్ల అంచుకు వెళ్లి, లుంగీ ఎగ్గట్టి కూర్చున్నారు. జేబులోని ఎమెరీ కాగితం విప్పి సముద్రంలో ముంచారు. మా పదార్థాన్ని పొడిగా రుద్దితే గాజుపొడి లేస్తుంది, చర్మానికి తగిలితే రెండు రోజులు దురద. తడిపి, ఒకే దిశలో, అంచు పొడవునా ఒక్కో వైపూ రుద్దుతూ పోయారు. నేను వెర్నియర్ తెచ్చాను. దాన్ని లోపల పెట్టు, ఉప్పు నీళ్లకు తుప్పు పడతాదన్నారు. కొలత అంతా బొటనవేలే. అరగంట పట్టింది. ఆ అరగంటలో ఆయన ఒక్కసారి కూడా అలల వైపు చూడలేదు. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. షాపులో ఆయన పని చేస్తుంటే నేను నిలబడేది తప్పులు పట్టడానికే. ఇక్కడ ఆయనకు నీడ పట్టడానికి నిలబడ్డాను.

మళ్లీ బిగించి ఇస్తూ, "మోత పోతే చెయ్యెత్తు. ఉంటే ఎత్తొద్దు. సుమ్నే, ఊరికే నన్ను సంతోషపెట్టేకి మాత్రం ఎత్తొద్దు" అన్నారు.

అరగంటలో నీరు కొంచెం తగ్గింది. అలలు ఇంకా శుభ్రంగా వస్తున్నాయి. రెండు అలలు వదిలేసి మూడోది పట్టాను. మలుపు తిరిగాను. వేగం పెరిగింది, ఇంతకుముందు ఝుమ్మన్న చోటు వచ్చింది, దాటింది. ఏమీ లేదు. బోర్డు కింద నీళ్లు కోసుకుంటూ పోతున్న సన్నని సవ్వడి, చెవుల్లో గాలి, అంతే. పాదాల కింద వణుకు లేదు. ఇంకా వేగంగా పోనిచ్చాను. నిశ్శబ్దం అలాగే ఉంది. ఆనందంలో చెయ్యెత్తడం మరిచిపోయాను. అల చివర బోర్డు దిగి, మెడలోతు నీళ్లలో తేలుతున్నప్పుడు గుర్తొచ్చి, కుడిచెయ్యి నిటారుగా ఎత్తి ఊపాను.

లోతు నీళ్లలో చెయ్యెత్తితే ఏ సముద్రంలోనైనా అర్థం ఒకటే. జాలర్లు వల వదిలేసి పడవ దగ్గరికి ఉరికారు. నలుగురూ దాన్ని నీళ్లలోకి నెట్టేస్తున్నారు. గాలి ఒడ్డు నుంచి నా వైపే వీస్తోంది కనుక మేస్త్రి గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. సగం తమిళం, సగం తెలుగు. రెండు చేతులూ చాపి పడవకు అడ్డం నిలబడి చెబుతున్నారు.

"మునిగేది కాదప్పా. నేను చేసింది బాగుండాదంట. దానికే చెయ్యెత్తినాడు."

నేను ఒడ్డు చేరేసరికి వాళ్లకు ఫిన్ కథంతా తెలిసిపోయింది. పెద్దాయన ఒకరు నన్ను తమిళంలో నాలుగు చివాట్లు పెట్టి, బోర్డు తిప్పి, వెనక అంచు మీద తానూ వేలు నడిపించి చూశారు. మేస్త్రి వైపు చూసి తల ఊపారు. తన పనిని అలా చూసి తల ఊపినవాళ్లు మేస్త్రికి ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. నేను మాత్రం ఎప్పుడూ చీటీలే అంటించాను.

"ఇంకోసారి పోతావా?" అన్నారు మేస్త్రి.

చెయ్యెత్తాలా అన్నాను.

"వద్దు. వీళ్లను మళ్లీ ఉరికించేది ఏల. నాకు తెలుస్తాది."

వెళ్లాను. కొస దగ్గర అల దొరికింది. సగం దూరం వచ్చాక, గట్టు బాగా దగ్గరయ్యే చోట, ఒక్కసారి పక్కకు చూశాను. మేస్త్రి లేచి నిలబడి ఉన్నారు. గొడుగు మూసి చంకలో పెట్టుకున్నారు. నా వైపు చూడటం లేదు. కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచి, వింటున్నారు.