పేరాచారి ఎడమ చెవి

ఓడల వడ్రంగి లక్కోజు పేరాచారి చెవి ఒప్పుకోకుండా కోరంగి రేవులో ఏ కొత్త ఓడా నీళ్లు తాకలేదు. గుగ్గిలం పూతతో సహా పనంతా అయ్యాక ఆయన తలపాగా జరిపి, ఓడ పక్కకు ఎడమ చెవి ఆనించి, అది ఏమందో చెప్పేవాడు. ఓడ "ఊఁ" అంటేనే ఊతకర్రలు తీయాలి. ఒకసారి ఓ దొర ఆ తీర్పు కోసం టోపీ చేత పట్టుకుని అరపూట నిలబడ్డాడు.

ఈసారి నిలబడింది ఓడ కట్టించుకున్న షావుకారు గ్రంధి వీరన్న శెట్టి. అంత పెద్ద ఓడ నీళ్లలోకి జారేది పున్నమి పోటులోనే. ఆ బలం మూడు రోజులు. తప్పితే అమావాస్య దాకా ఆగాలి, ఈలోగా బర్మా బేరం పొరుగు షావుకారు పాలు.

ఓడ నీళ్లు తాకగానే దాన్ని నడిపే తండేలు ఎక్కాలి, తొలి ప్రయాణం ముగిసేదాకా ఒడ్డు తొక్కకూడదు. అది రేవు కట్టుబాటు. తండేలు మల్లాడి సింహాద్రి మూట సర్దుకుని, ఓడను కాక తన ఇంటివైపు చూస్తూ కూర్చున్నాడు.

మొదటి రోజు పేరాచారి చెవి ఆనించాడు.

"రంగు వాసన పడలేదంటోందండి."

"దానికి ముక్కెక్కడుందయ్యా?"

"అదే అడిగేనండి. కోప్పడింది."

రెండో రోజు, "కొబ్బరికాయ మరీ లేతదంటండి."

శెట్టి ఆయన ఎడమ పక్కన చేరి నోటికొచ్చినవన్నీ తిట్టాడు. పేరాచారి ఓడను నిమురుతూ నిలబడ్డాడు. "ఓపికంటే ఆచారిగారిదేరా!" అన్నారు వడ్రంగులు.

మూడో రోజు పోటు తీయబోతోంది. శెట్టి తనే సుత్తి అందుకున్నాడు.

"ఇవాళ దాని మాట కాదు, నా మాట!"

"కడుపుతో ఉన్నదాన్ని తొందరపెట్టకూడదండి."

అంతలో మంత్రసాని చిట్టెమ్మ రొప్పుతూ వచ్చింది. "తండేలుగోరూ, ఆడపిల్ల! తల్లీబిడ్డా కులాసా!"

సింహాద్రి ఒక్క పరుగున వెళ్లి, బిడ్డ ముఖం చూసి, ఒక్క పరుగున వచ్చాడు. పేరాచారి చెవి ఆనించాడు.

"ఊఁ అందండి."

ఓడ జారింది. శెట్టి చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది. ఆరేళ్ల కిందట శెట్టి ఎక్కాల్సిన ఓడ కూడా ఇదే చెవిలో మూడు రోజులు మొరాయించింది. ఆ మూడు రోజుల్లోనే, చివరి ఘడియల్లో ఉన్న తల్లి నోట్లో తులసి నీళ్లు తనే పోశాడు.

"ఆచారీ, నిజం చెప్పు. ఓడ మాట్లాడుతుందా?"

పేరాచారి నీళ్లలో ఊగుతున్న ఓడనే చూస్తున్నాడు. శెట్టి ఆయన కుడివైపుకి తిరిగి వచ్చి మళ్లీ అడిగాడు.

"ఏమోనండి. యాభై ఏళ్ల సుత్తి దెబ్బలకి ఆ ఎడమ చెవి ఎప్పుడో పోయింది."

"మరి నిన్న నేను తిట్టినవి?"

పేరాచారి తలపాగా సర్దుకున్నాడు.

"తిట్టేరా అండి?"