కప్పేసిన కపిలె బావి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఏడో తరగతితో బడి మానేసినా, నేల కొలతలు సొంతంగా నేర్చుకున్నాను. టేపుకు అందని సంగతి పట్టించుకునే అలవాటు లేదు.

బత్తలపల్లె దగ్గర రెండు గుట్టల నడుమ ఉన్న మా ఊరి వేరుశనగ చేలన్నీ ఇప్పుడు ప్లాట్లు. డెబ్బైకి దగ్గరపడ్డ లక్ష్మక్క తన చేను అమ్మి, అందులోనే ఒక ప్లాటు తిరిగి కొనుక్కుంది. ఉన్నదంతా దానికే పెట్టింది. పునాదికి సున్నం గీత వేయమని నన్ను పిలిచింది.

ఆ చేలో పూర్వం కపిలె బావి ఉండేది. ఎద్దులు తోలుబానతో నీళ్లు లాగేవి. వంతులవారీ నీళ్లు కాబట్టి బానలను గట్టిగా లెక్కపెట్టేవారు. ప్లాట్లు వేసినవాళ్లు బావిని పూడ్చేశామన్నారు. పాత పటం చూసి, అది నలభై అడుగుల అవతల, రోడ్డు కింద ఉందని తేల్చాను.

"సరిగ్గా చూడప్పా. నా కొంప బావిలో పెట్టేవు."

"లెక్క తప్పితే ఈ టేపు మింగుతా అక్కా."

"నువ్వు మింగితే నాకు ఇల్లొస్తాదా?"

పదకొండు గంటల ఎండ. టేపు ఒక కొస ఆమె పట్టుకుంది, రెండోది నేను. అప్పుడు ఒక మగగొంతు వినబడింది. "లాభం... రెండు... మూడు..." మధ్యలో గిలక కిర్రుమంటోంది. చుట్టూ మనిషి లేడు.

లక్ష్మక్క టేపు వదిలేసి నా వైపు పరుగెత్తుకొచ్చింది. "మా నాయనప్పా! గింజలు కొలిచేటప్పుడు ఒకటికి బదులు అందరూ లాభమంటారు. నీళ్లకు గూడా అనేది ఆయనొక్కడే!"

ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది.

అంతలో ఆమె నిలబడిన చోట నేల కూలింది. గొంతు ఆగింది. బావిని పూడ్చలేదు, పైన బండలు పరిచి మట్టి కప్పారంతే. టేపుకు రాయి కట్టి వదిలాను. యాభై అడుగులు పోయినా అడుగు తగల్లేదు.

పటం ఇప్పటికి ఆరుసార్లు లెక్కవేశాను. బావి రోడ్డు కిందే వస్తోంది. ఆ తేడా ఎప్పటికైనా తేలుతుందేమో. గొంతు సంగతి నాకు తేలదు.

ప్లాట్లవాళ్లు ఆమెకు గుట్ట కింద మరో ప్లాటు ఇచ్చారు. మొన్న దానికీ నేనే గీత వేశాను. గంట పనికి పొద్దుగూకింది. రెండడుగులు కొలవడం, ఆగి చెవులు రిక్కించడం.

"ఏమన్నా వినబడిందాప్పా?"

"లేదక్కా."

"నాకూ లేదు."

వినబడనిది నేల గట్టిదనా, ఆయన ఇంత దూరం రాలేడనా? సోమవారం గుంతలు తవ్వుతున్నారు.